మహానందమ్మ జనరేటరు

మహానందమ్మకు లోకంలో పరమ చిరాకైన మాట ఒకటుంది. అది బూతు కాదు, తిట్టు కాదు. ఆమె మొగుడు సంజీవయ్య పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా అనే మాట: "చల్లారనీ."

కూర అడుగంటితే చల్లారనీ అంటాడు. ఊళ్లో ఇద్దరు కొట్టుకుంటుంటే చల్లారనీ అంటాడు. పెళ్లాం కోపంగా ఉన్నప్పుడు మాత్రం ఆ మాట పైకి అనేంత ధైర్యం లేక, వల చిరిగిందన్న నెపం పెట్టుకుని చెరువు గట్టుకు పోయి కూర్చుంటాడు. ఆ మాట విని విని ఆమెకు చెవులు చిల్లులు పడ్డాయి. చివరికి జనరేటరు విషయంలో కూడా ఆ మనిషి మాటే నిజమైంది. అన్నిటికన్నా ఆమెను మండించింది అదే.

వాళ్ల ఊరు ఆళ్లగడ్డ నుంచి రుద్రవరం పోయే దారిలో, పెద్ద చెరువు పక్కన. చెరువుకు అవతల నల్లమల కొండలు. సంజీవయ్య ఆ చెరువులో చేపలు పట్టేవాడు. ఆ చేపలతో ఇల్లు గడవదని తెలిసి మహానందమ్మ ఆళ్లగడ్డ బజారులో ఒక శెట్టి గారి కొట్టులో పనికి కుదిరింది. నూనె డబ్బాలకు బొక్కలు కొట్టడం, కొలిచి పోయడం, జిడ్డు తుడవడం, మళ్లీ పోయడం. కొట్టులో కూర్చోవడానికి స్టూలు ఒకటే ఉండేది, దాని మీద శెట్టి గారు ఉండేవారు. నిలబడి నిలబడి ఆమె పిక్కల మీద నరాలు నీలంగా ఉబ్బిపోయాయి. ఇంటికొచ్చి వేన్నీళ్లలో కాళ్లు పెట్టుకుని, "దేవుడా, ఇంకొకరి కొట్టులో నిలబడకుండా నన్ను చావనియ్యి" అని మొక్కుకునేది.

ఆ మొక్కు నంద్యాల ఫొటోగ్రాఫర్ లోకేశ్ రూపంలో ఫలించింది. పెళ్లికి ముందే పెళ్లికొడుకునూ పెళ్లికూతురునూ కొండలూ గుట్టలూ తిప్పి ఫొటోలు తీసే పిచ్చి జిల్లా అంతా పాకిన రోజులవి. లోకేశ్ ఒక జంటను తీసుకొచ్చి, సంజీవయ్య చేపల పడవలో కూర్చోబెట్టి ఫొటోలు తీశాడు. పెళ్లికూతురు ముక్కు మూసుకునే నవ్వింది. గట్టు మీద నిలబడి చూసిన మహానందమ్మకు మాత్రం ఆ ముక్కు మూసుకోవడంలో ఒక వ్యాపారం కనిపించింది. చేపల వాసన లేని పడవ ఉంటే ఈ పిచ్చోళ్లు ఎగబడి వస్తారు.

చెవుల కమ్మలు పడవైపోయాయి. వెడల్పాటి ఫైబరు పడవకు తెల్ల రంగు కొట్టించింది, ముందు పక్క ఇనుప కమాను పెట్టించి కాగితపు పూలు చుట్టింది. కొట్టు పని మానేసింది. శెట్టి గారు మంచి మనిషే, పోయేటప్పుడు చీర పెట్టి, "నీ తావు నీకుంటుంది మహానందమ్మా, ఎప్పుడొచ్చినా రా" అన్నారు. ఆయన దీవెనగానే అన్నారు గానీ, ఆమెకు అది శాపంలా వినిపించింది.

పడవకు జనరేటరు ఎందుకంటారా? పొగ కోసం. నీళ్ల మీద తెల్లటి పొగ పాకుతుంటే అందులోంచి జంట నడిచొచ్చినట్టు ఉండాలట, అది లేకపోతే పెళ్లి కాదట. పొగ వదిలే మిషనుకు కరెంటు కావాలి, లైట్లకు కావాలి, పాట వేయడానికి పెద్ద స్పీకరు ఒకటి, దానికీ కావాలి. ఆళ్లగడ్డలో మోటార్లూ జనరేటర్లూ బాగుచేసే అమీర్ బాషా, షామియానాల వాళ్ల దగ్గర వాడిన పెట్రోలు జనరేటరు ఒకటి చూసి ఇప్పించాడు. కొట్టులో పనిచేసే రోజుల నుంచీ అతనామెకు తెలుసు. ఆమెను అక్కా అంటాడు, ఆమె ఇచ్చే చేపల పులుసు గిన్నెను తానే కడిగి పంపిస్తాడు.

"మిషను రాయి లాంటిదక్కా," అన్నాడు అప్పజెబుతూ. "ఒక్కటే మాట చెప్తాండా. ఏమైనా కానీ, వేడి మీద పెట్రోలు మూత మాత్రం తీయొద్దు. గుప్పుమంటాది. నీళ్ల మధ్యలో యాడికని పరిగెత్తుతావ్?"

ఆ మాటను ఆమె దేవుడి మాటలా పట్టుకుంది. జనరేటరును బిడ్డలా సాకింది. ఎండ తగలకుండా గోనెపట్టా కప్పేది. పని అయ్యాక తడిగుడ్డతో తుడిచేది. శుక్రవారం శుక్రవారం పడవ కొమ్ముకు బొట్టు పెట్టి, తర్వాత జనరేటరుకూ పెట్టేది. పసుపూ గంధమూ చిక్కగా కలిపి రాసి, మధ్యలో కుంకుమ. ఎక్కడ పెట్టాలో కూడా ఆలోచించే పెట్టింది. మనిషికి నుదురెట్లనో దీనికి పైనున్న గుండ్రటి మూత అట్ల.

కొన్నాళ్లు బాగానే నడిచింది. తర్వాత మొదలైంది దాని వేషం.

గట్టు మీద తాడు లాగితే ఒక్క లాగుకే అందుకుంటుంది. చెరువు మధ్యకు పోయి, పొగ చక్కగా పాకి, పెళ్లికొడుకు పెళ్లికూతురు నడుం మీద చెయ్యి వేయడానికి సిగ్గు విడిచిన సరిగ్గా ఆ సమయానికి, దగ్గుతుంది, ఎగపోస్తుంది, ఆగుతుంది. ఇక తాడు లాగండి. సంజీవయ్య లాగుతాడు, లోకేశ్ లాగుతాడు, ఒకసారి పెళ్లికొడుకు కూడా షేర్వాణీ చేతులు పైకి మడిచి లాగాడు. ఉలుకూ లేదు, పలుకూ లేదు. పైన చెయ్యి పెడితే కాలుతుంది.

"చల్లారనీ," అనేవాడు సంజీవయ్య.

నిజంగానే చల్లారాక, ఏమీ ఎరగనట్టు ఒక్క లాగుకు అందుకునేది. అప్పటికి ఎండ కొండ వెనక్కు పోయేది, పెళ్లికూతురు మేకప్ కారిపోయేది, లోకేశ్ ముఖం మాడిపోయేది. పగలగొట్టి చెరువులో పారేద్దామా అనిపించేది ఆమెకు. చల్లారితే నడిచి, వేడెక్కితే మొరాయించే మిషను ఎవరికి కావాలి? మిషను పనే వేడెక్కడం కదా!

ఆటోలో వేసుకుని అమీర్ బాషా దగ్గరకు పోయింది. అతను ప్లగ్గు మార్చాడు, కార్బొరేటరు విప్పి కడిగాడు. ఏ మిషనుకైనా అతను చేసినట్టే, ట్యాంకు గొట్టం ఊడదీసి, పైనున్న కొక్కేనికి పెట్రోలు సీసా ఒకటి వేలాడదీసి, సీసా గొట్టమే ఇంజనుకు తగిలించి నడిపాడు. సీసాలో అయితే పెట్రోలు ఎంత తాగుతోందో కంటికి కనిపిస్తుందని అతని లెక్క. ఆమె అక్కడే గోడకు ఆనుకుని నిలబడింది. పొద్దు నడినెత్తికి వచ్చేదాకా అది గుడగుడమంటూ నడిచింది. ఆపి, కాలిపోతున్న దాన్ని మళ్లీ లాగాడు. అందుకుంది.

"ఏం రోగం లేదక్కా దీనికి."

తీసుకొచ్చి పడవలో పెట్టింది. చెరువు మధ్యలో ఆగిపోయింది.

మళ్లీ ఆళ్లగడ్డ. ఈసారి ప్లగ్గుకు నిప్పురవ్వ అందించే కాయిలు అన్నాడు. వేడెక్కితే కాయిలు చచ్చిపోతుంది, చల్లారితే బతుకుతుంది, అదే దీని రోగం అని గట్టిగా చెప్పాడు. కొత్త కాయిలు వేశాడు, సీసా వేలాడదీశాడు, నడిపాడు. బ్రహ్మాండంగా నడిచింది. మిషనంతా బ్రష్షు పెట్టి, డీజిలు గుడ్డతో తుడిచి, అద్దంలా చేసి ఇచ్చాడు. ఆమె పెట్టిన బొట్టు మాత్రం పెట్టినట్టే ఉంది. అది చూసి ఆమెకు సంతోషమైంది కూడా. పడవలోకి వచ్చాక యథాప్రకారం ఆగిపోయింది.

ఇక సలహాలకు కరువేముంది? ఉచితంగా వచ్చేది అదొక్కటే కదా. తడి గోనెపట్టా కప్పమన్నారొకరు. కప్పింది. గొడుగు పట్టమన్నారు. మిషనుకు గొడుగు పట్టుకుని సంజీవయ్య నిలబడ్డాడు, ఫొటోలో పడుతున్నావని లోకేశ్ కసిరాడు. దిష్టి తగిలిందన్నారు. నిమ్మకాయలు కట్టింది. శుక్రవారం బొట్టు ఇంకాస్త పెద్దది పెట్టింది. ఆగినకొద్దీ ఆ బొట్టు పెరుగుతూనే పోయింది.

మూడోసారి ఆళ్లగడ్డకు పోయిన రోజు ఆమె ఓపిక అయిపోయింది. సీసా వేలాడుతోంది, ఆ పాపిష్టి జనరేటరు ఆమెను వెక్కిరించినట్టు నడుస్తోంది. షాపులో నలుగురు రైతులు మోటార్లు పెట్టుకుని కూర్చున్నారు.

"నీ ముందర నడుస్తాది, నా ముందర చస్తాది. ఏందప్పా ఈ కథ?" అంది. "పాత కాయిలేసి కొత్తదని చెప్పినావా ఏంది?"

అమీర్ బాషా చేతిలోని స్పానరు కింద పెట్టాడు. "అక్కా, ఆ మాట అనొద్దు."

"అనక ఏం చేయాల? నీకు పనితనం పోయింది బాషా. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, రోగం లేదు రోగం లేదంటావ్. దుడ్లు గుంజేదానికి నేనే దొరికినానా?"

అతను సీసా విప్పాడు. గొట్టం ట్యాంకుకు తగిలించాడు. గుడ్డ తీసుకుని చేతులు తుడుచుకున్నాడు.

"ఇంగో మెకానిక్‌ను చూసుకో అక్కా," అన్నాడు ఆమె ముఖం చూడకుండా.

చూసుకుంది. నంద్యాలలో ఒక షాపుకు పోయింది. అక్కడ ఏసీ గదిలో కూర్చున్నాయన మిషనును దూరం నుంచే చూసి, "పారేసి కొత్తది తీసుకోండమ్మా" అన్నాడు. ఆ సలహాకు ఏసీ ఎందుకో ఆమెకు అర్థం కాలేదు.

ఇంతలో లోకేశ్ ఫోన్ చేశాడు. గట్టిగా మాట్లాడలేదు, అందుకే ఆమెకు భయం వేసింది. "అక్కా, సంజామల పక్క ఇంగో చెరువులో కొత్త పడవొచ్చిందంట. ఆదివారం షూటింగ్ నీ కాడనే పెట్టుకున్నా. ఈసారీ ఆగిందంటే నేనేం చేయలేనక్కా. పార్టీలు నన్ను తిడ్తాండారు."

లోకేశ్ పోతే పడవ పోయినట్టే. కాగితం పూల కమాను వేసుకుని ఎవరి కోసం తిప్పాలి? ఆ రాత్రి ఆమెకు పిక్కలు లాగాయి. పని మానేశాక ఎప్పుడూ రాని నొప్పి. శెట్టి గారి కొట్టూ, నూనె జిడ్డూ, ఆ ఒక్క స్టూలూ కళ్ల ముందుకొచ్చాయి. ఈ వయసులో మళ్లీ పోయి నిలబడాలా? శుక్రవారం పసుపు ఎప్పటికన్నా చిక్కగా కలిపింది. "తల్లీ, ఆదివారం ఒక్కరోజు ఆగకుండా చూడు" అని బొటనవేలితో మూత నిండా అద్దింది.

ఆదివారం వచ్చిన పెళ్లికూతురు పేరు యామిని. నంద్యాల పిల్ల. పాపం, నీళ్లంటే భయం. పడవ కదిలితే కాబోయే మొగుడి చొక్కా పట్టుకుంటుంది, అతను అదే చాలన్నట్టు మురిసిపోతున్నాడు. సంజీవయ్య గెడ వేసి మెల్లగా మధ్యకు తోశాడు. జనరేటరు అందుకుంది. లోకేశ్ పాట పెట్టాడు. పొగ పడవ అంచులు దాటి నీళ్ల మీదికి జారింది. పొద్దు కొండల మీదికి దిగుతోంది. మహానందమ్మ మాత్రం కొండనూ చూడలేదు, జంటనూ చూడలేదు. జనరేటరు పక్కన గొంతుక్కూర్చుని దాని చప్పుడునే వింటోంది.

అది దగ్గింది.

"వద్దు తల్లీ, వద్దు," అంది మహానందమ్మ.

ఎగపోసింది. ఆగిపోయింది. పాట సగంలో తెగింది. పొగ కాస్తా గాలికి పోయి, లోకేశ్ ముఖం స్పష్టంగా కనిపించింది.

సంజీవయ్య తాడు లాగాడు. ఇంకోసారి లాగాడు. భుజం పట్టుకుని, "చల్లార..." అని మొదలుపెట్టి, పెళ్లాం చూపు చూసి మింగేశాడు.

లోకేశ్ కెమెరా దించాడు. ఎండ పోతోంది, అతని బాధ అతనిది. ఆ విసుగులో అనకూడని మాట అన్నాడు. "అక్కా, అసలు పెట్రోలు పోసినావా, లేదా?"

అంతే. ఇన్నాళ్ల కడుపుమంట ఒక్కసారిగా నెత్తికెక్కింది.

"ఏందప్పా, పెట్రోలు పోయకుండా పడవెక్కించినానా నిన్ను? నిండా పోసినా! నా చేత్తో పోసినా! సూడు, నీ కళ్లతో నువ్వే సూడు!"

"మేయ్, వేడి మీద మూత..." అని సంజీవయ్య కేకేశాడు. ఎవరు వింటారు? కొంగు మడిచి మూత పట్టుకుని తిప్పేసింది.

గుప్పుమనలేదు. స్స్‌స్‌మని ఊపిరి పీల్చుకున్న చప్పుడయింది. దీర్ఘంగా, ఎంతోసేపు నీళ్లలో మునిగినవాడు పైకొచ్చి పీల్చుకున్నట్టు. యామిని భయపడి చొక్కా పట్టుకుంది. లోకేశ్ వెనక్కు జరిగాడు.

మహానందమ్మ మాత్రం కదల్లేదు. ఆ చప్పుడు ఆమెకు తెలుసు. ఏళ్ల తరబడి విన్న చప్పుడది. నూనె డబ్బాకు ఒకటే బొక్క కొడితే నూనె కాసేపు పడి, గుటకలేసి, ఆగిపోతుంది. ఎంత వంచినా రాదు. పై మూలన ఇంకో బొక్క పొడిస్తే స్స్‌మని గాలి లోపలికి పోతుంది, అప్పుడు ధార. కొట్టులో చేరిన మొదటిరోజు శెట్టి గారు నేర్పిన పాఠం అది ఒక్కటే.

మరి దీనికి గాలి బొక్క ఏది?

చేతిలో మూత తిప్పి చూసింది. లోపలి పక్క నడిమధ్యన సన్నటి బొక్క ఉంది. పై పక్కకు తిప్పింది. అక్కడ బొక్క లేదు. బొట్టు ఉంది.

గాజుకు వేలాడుతున్న పిన్నీసు తీసి గుచ్చింది. పెచ్చు లేచింది. ఎర్ర పొర, దాని కింద పచ్చ పొర, దాని కింద మళ్లీ ఎర్ర పొర. గోడకు పూసిన సున్నంలా గట్టిపడి ఉంది. ఒక్కొక్క పొర ఒక్కొక్క శుక్రవారం. గుచ్చి గుచ్చి, ఊది, మూతను పొద్దుకేసి పట్టుకుంది. సూది మొనంత వెలుతురు ఇవతలికి వచ్చింది. పెచ్చులన్నీ కొంగుతో తుడిచి మూత బిగించింది.

"లాగు," అంది మొగుడితో.

"చల్లారలేదు మేయ్..."

"లాగమంటాండా గదా!"

లాగాడు. ఒక్క లాగుకు అందుకుంది. పాట తెగిన చోట కాకుండా మొదటి నుంచి మొదలైంది, పొగ మళ్లీ పాకింది, పొద్దు ఇంకా బెత్తెడు మిగిలే ఉంది. ఆ తర్వాత అది ఆగలేదు. లోకేశ్ ఫొటోల మీద ఫొటోలు తీసి, గట్టుకు వచ్చేటప్పుడు ముఖమంతా నవ్వుతో అడిగాడు. "ఏం చేసినావక్కా? ఏముండె దాంట్లో? వచ్చే వారం ఇంకా ఇద్దరు పార్టీలుండారు."

"నీకెందుకప్పా? నీ ఫొటోలు నువ్వు తీస్కో," అంది మహానందమ్మ.

ఏమని చెబుతుంది? చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, రోగాన్ని తన బొటనవేలి కింద పెట్టుకుని ఆళ్లగడ్డా నంద్యాలా తిరిగింది. పోనీ, కోపం చల్లారేలా ఎవరినైనా తిడదామంటే ఎవరున్నారు? మిషనుకు రోగం లేదు. కాయిలు కొత్తదే. మొగుడు గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. అమ్మవారిని అనడానికి నోరు రాదు. తిట్టడానికి ఇంత పెద్ద లోకంలో మహానందమ్మ ఒక్కతే మిగిలింది, ఆ తిట్లన్నీ తానే తినింది. ఆ రాత్రి పిక్కలు లాగలేదు గానీ నిద్ర మాత్రం పట్టలేదు. షాపులో నలుగురి ముందర స్పానరు కింద పెట్టిన మనిషి ముఖం గుర్తొచ్చింది.

మర్నాడు పొద్దున్నే జనరేటరును ఆటోలో వేసుకుని ఆళ్లగడ్డకు పోయింది. అమీర్ బాషా అప్పుడే షట్టరు తెరుస్తున్నాడు. ఆమెను చూశాడు, జనరేటరును చూశాడు, సగం ఎత్తిన షట్టరును పూర్తిగా పైకి తోశాడు. ఆమె మూత విప్పి అతని చేతిలో పెట్టింది. అంచుల్లో ఇంకా పసుపు పెచ్చులున్నాయి, మధ్యలో పిన్నీసు బొక్క.

అతను తిప్పి తిప్పి చూశాడు. మెట్టు మీద కూలబడ్డాడు. పైన కొక్కేనికి వేలాడుతున్న సీసాను చూశాడు, మళ్లీ మూతను చూశాడు.

"గాలి," అన్నాడు. "యా అల్లా. గాలి అందలేదు దీనికి. చల్లారేలోగా సందుల్లోంచి ఇంత గాలి దూరితే మళ్లా నడుస్తాండె. నేనేమో ట్యాంకు ఇడిసిపెట్టి సీసా మీద నడిపిస్తాంటి."

తప్పు తనదని చెప్పడానికే వచ్చింది మహానందమ్మ. దారి పొడుగునా ఆ మాటే కూడబలుక్కుంది. తీరా నోరు తెరిస్తే వచ్చింది మాత్రం ఎప్పటి మాటే.

"ఏం మెకానిక్‌వప్పా నువ్వు? మిషనంతా అద్దంలా తుడిచినావ్ కదా! డీజిలేసి, బ్రష్షేసి, మూలమూలా తుడిచినావ్ కదా! ఈ మూత ఒక్కటి తుడిచేదానికి ఏమొచ్చింది నీకు?"

అమీర్ బాషా మూత అంచున మిగిలిన పసుపు వైపు చూశాడు.

"దేవుని బొట్టు కదక్కా," అన్నాడు. "యాడ తుడిచినా దాని పక్కనుంచే తుడిచినా. ఎంత జాగ్రత్తగా తుడిచినానంటే, గుడ్డ కొన కూడా తగలనీలే. నేను చెరిపినానని తెలిస్తే నీ మనసు యాడ నొచ్చుకుంటాదోనని."

పెళ్లయిన నాటి నుంచి మహానందమ్మ నోట మాట రాకపోవడం అదే మొదటిసారి అని సంజీవయ్య వింటే పండగ చేసుకునేవాడు. మెట్టు మీద అతని పక్కనే, ఒక మెట్టు కింద కూర్చుంది.

"తుడువు," అంది.

"నువ్వే తుడుచుకో అక్కా."

"కాదు బాషా. నువ్వే తుడువు. నేను చెప్తాండా కదా."

అతను గుడ్డను పెట్రోలుతో తడిపి, బొటనవేలికి చుట్టి, మూతను మెల్లగా తుడిచాడు. తుడిచి, బొక్కలో సన్నటి తీగ దూర్చి, ఊది, మూతను దాని చోట బిగించాడు. ఇద్దరూ కాసేపు రోడ్డు మీద పోయే ట్రాక్టర్లను చూశారు.

"మరి బొట్టు?" అన్నాడు తనే. "పెట్టకుండా నువ్వుండలేవు కదా."

"యాడ పెడితే దానికి ఊపిరాడుతుందో నువ్వే చూపించు."

అతను ట్యాంకు చుట్టూ చూసి, ముందు పక్క చదునుగా ఉన్న చోట వేలు పెట్టాడు. "ఈడ పెట్టక్కా. ఎంత పెద్దదైనా పెట్టుకో, ఏం కాదు."

శుక్రవారం వచ్చింది. మహానందమ్మ పడవ కొమ్ముకు బొట్టు పెట్టి జనరేటరు దగ్గరకు వచ్చింది. అలవాటున బొటనవేలు మూత మీదికి పోయి, ఆగింది. ట్యాంకు ముందు పక్కకు వంగి చూసింది. అమీర్ బాషా వేలు పెట్టిన చోట గ్రీజు మరక నల్లగా, గుండ్రంగా ఉంది. తుడుద్దామని చేతిలోకి తీసుకున్న తడిగుడ్డను మళ్లీ పక్కన పెట్టేసింది. ఆ మరక మీదే పసుపు రాసి, కుంకుమ అద్దింది.